చేనేతలో ‘చే’

హిందూపురంలో గాజుల కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారనుకోండి. ‘చెయ్యి నొస్తుంది, నిదానంగా ఎక్కించు’ అంటుంది ఒకామె. గౌరిబిదనూరు నుంచి వచ్చినామెకు నొచ్చేది ‘కై’. గాజులాయనకు రెండూ ఒకటే. భాషా పండితుల మాటా అదే!

కన్నడం ‘క’ను అట్టిపెట్టుకున్న కొన్ని పాత మాటల్లో, ఇ, ఎ లాంటి అచ్చుల ముందు తెలుగు దాన్ని ‘చ’ చేసుకుంది. కన్నడిగుల కివి మన చెవి. వాళ్ల కెడు మన చెడు. వాళ్ల కై మన చెయ్యి. (‘పని చెయ్యి’లోని చెయ్యి వేరే ధాతువు. అవయవం నుంచి పుట్టిందనుకుంటే పొరపాటే.) అలాగని కై మనకు పరాయిదీ కాదు. కైవసం, కైదండ అనడం లేదూ? 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ చుట్టూ ఈ రెండు భాషలూ కలిసే బతికాయి.

ఎక్కడో ఉన్న ఫిన్లాండులో చేతిని ‘క్యాసి’ అంటారు. మనం చెయ్యి, చేతి అన్నట్టు వాళ్లు క్యాసి, క్యాదెన్ అంటారు. ఇంత పోలికా అని ఆశ్చర్యపోతాం. 1856లో కాల్డ్వెల్ దొర ద్రావిడ భాషలకు ఫిన్నిష్ వైపు చుట్టరికం కలిపాడు కూడా. నేటి పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. వాళ్ల మాటలో మొదటి నుంచీ ఉన్న ‘త’ ఇకారం ముందు ‘స’ అయింది. మన ‘చేతి’లో ‘తి’ విభక్తి కోసం వచ్చి చేరింది. పోలిక కాకతాళీయం, అంతే.

అయితే ఫిన్నులు చేతిపనిని ‘క్యాసితుయో’ అంటారు. చెయ్యి, పని అనే రెండు మాటలు కలిపారు. మన చేనేత అల్లికా అదే. చేబదులు, చేవ్రాలు, చేదోడు అన్నీ ఈ వరసే. చేబదులు తిరిగి వస్తుందా అన్నది వేరే సంగతి!

ధర్మవరంలో మాత్రం ఈ ‘చే’ ఉత్త వ్యాకరణం కాదు, కూటి సంగతి. 1985 నాటి కేంద్ర చట్టం కొన్ని రకాల చీరలను చేతిమగ్గానికే కేటాయించింది. అయినా మరమగ్గం చీర పట్టు చేనేత పేరుతో అంగట్లోకి వస్తే, నష్టపోయేది గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని రోజంతా నాడె విసిరే మనిషి. పెళ్లి చీరలకు ధర్మవరం వెళ్లినప్పుడు రంగు, జరీ, ధర అన్నీ అడుగుతాం. ‘ఇది చేత్తో నేసిందేనా?’ అని కొట్టువాణ్ణి అడిగేవాళ్లు మనలో ఎంతమంది?