వాళ్ళు పనికి పోయినవాళ్ళే

ఊరికే బియ్యం ఇస్తుంటే పనికెవడు పోతాడు? బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద నిద్రపోయేవాళ్ళను చూసి ఈ మాట అననివాళ్ళు తక్కువ. 2025 ఫిబ్రవరిలో, పట్టణాల్లో నిలువ నీడ లేనివాళ్ళ కేసు విచారిస్తూ సుప్రీంకోర్టులో జస్టిస్ గవాయ్ కూడా ఉచితాల వల్ల జనం పని చేయడానికి ఇష్టపడటం లేదన్నారు. గౌరవంతోనే చెబుతున్నాను, అది నిజం కాదు.

మా పావగడ తాలూకాలోని నిడుగల్లు కొండ చుట్టుపక్కల పల్లెల్లో అడగండి. వాన ముఖం చాటేసి చెనిక్కాయ చేతికి రాని ఏడు బెంగళూరు బస్సెక్కేది ఎవరు? ఒళ్ళు వంచి పని చేయగలిగినవాళ్ళు. సోమరికి అంత దూరం పోవాల్సిన అవసరమేముంది? మా తాలూకాలోనే తిరుమణి దగ్గర 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. భూమి ఉన్న రైతుకు ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలు కట్టారు, మంచిదే. ఆ చేలల్లో కలుపు తీసి బతికిన కూలికి ఏ కౌలూ లేదు, చేనూ లేదు.

అలా బస్సెక్కి వచ్చినవాళ్ళను బెంగళూరు కె.ఆర్. మార్కెట్లో అర్ధరాత్రి దాటాక చూడండి. మూసిన షట్టర్ల ముందు సిమెంటు సంచి పరుచుకుని, ఎవరైనా ఎత్తుకుపోతారని చెప్పులు తలకింద పెట్టుకుని, ఆధార్ కార్డూ కూలి డబ్బూ ఉన్న లోపలి జేబుకు పిన్నీసు గుచ్చుకుని పడుకుంటారు. తెల్లవారకముందే లోడు దిగుతుంది. ఆ వేళకు బస్సులుండవు. దగ్గరున్నవాడికే మూట దొరుకుతుంది. గది తీసుకోవచ్చు కదా అంటారు. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సు అడుగుతారు, రోజు కూలి ఎక్కడ తెస్తాడు? ఇక ఆ ఉచిత బియ్యం ఊళ్ళో పెళ్ళాం బిడ్డలు వండుకుంటున్నారు. ఇక్కడ పొయ్యి పెట్టుకునే చోటే లేదు, పూటపూటకూ కొనుక్కునే తింటున్నాడు.

లక్ష జనాభాకు ఒక నైట్ షెల్టర్ ఉండాలని, అది రాత్రీ పగలూ తెరిచి ఉండాలని 2010లో చెప్పింది సుప్రీంకోర్టే. 2011 లెక్క ప్రకారమే బెంగళూరు జనాభా 84 లక్షలు. అంటే 84 షెల్టర్లు. అవి కూడా పని దొరికే చోటే ఉండాలి. ఊరి చివర కట్టి, ఎవరూ రావడం లేదని తాళం వేస్తే ఎవరికి ఉపయోగం? మొగుడూ పెళ్ళాం పిల్లలతో వచ్చిన కుటుంబానికి, మగవాళ్ళకే మంచాలున్న హాలు ఎందుకు పనికొస్తుంది?

దీనికి డబ్బు ఎక్కడిదంటారా? మన కర్ణాటకలో 1975 నాటి భిక్షాటన నిషేధ చట్టం ఉంది. ఆ చట్టం కింద పట్టుకొచ్చినవాళ్ళను ఉంచే బెంగళూరు నిరాశ్రితుల కేంద్రంలో 2010లో వరస చావులు బయటపడి రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. ఆ చట్టం పేరుతో ఆస్తి పన్ను మీద 3 శాతం సెస్సు ఇప్పటికీ వసూలు చేస్తున్నారు. చట్టం మార్చి ఆ డబ్బులో కొంత మార్కెట్ పక్కన షెల్టర్లకు పెట్టాలి. కుటుంబాలకు విడిగా గదులు, సామాను దాచుకోను తాళం పెట్టెలు, మూడు గంటలకు లేచి పోయేవాడికి తెరిచి ఉన్న తలుపు, ఇవి కావాలి.