వీసా రద్దయిన ఇంటికి వెళ్ళి ‘ఏం తప్పు చేశారు’ అని అడగకండి



ఉపవాస ప్రార్థనకు వచ్చే మనవుల చీటీల్లో కొన్నేళ్ళుగా వీసా అనే మాట ఎక్కువైంది. ఇదివరకు వాన, పంట, కోర్టు కేసు, ఆడపిల్ల పెండ్లి, సంతానం. ఇప్పుడు వాటితోపాటు వీసా. ఇందులో వింతేమీ లేదు. నర్సంపేట వైపు పోయినా, పరకాల వైపు పోయినా ఎకరమో అరెకరమో అమ్మి పిల్లవాణ్ణి అమెరికా పంపిన ఇండ్లు కనబడతాయి. ఇప్పుడు ఆ పిల్లలకు పిల్లలు పుట్టారు. కాన్పుకు తల్లి పోవాలి, మనుమణ్ణి తాత ఎత్తుకోవాలి. అందుకు కావలసింది మనమంతా టూరిస్టు వీసా అని పిలిచే బి1/బి2 వీసా.

వీసా రానివాళ్ళ సంగతి అందరికీ తెలుసు. నానక్‌రాంగూడ కాన్సులేటులో రెండు నిమిషాలు నిలబెట్టి, ఒక కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు. 185 డాలర్ల ఫీజు తిరిగి రాదు. బాధే గాని, అది మొదటి గుమ్మం దగ్గరి బాధ. మేము ఈ వారం రాస్తున్నది వచ్చిన వీసా పోయినవాళ్ళ గురించి.

మాకు తెలిసిన ఒక పెద్ద వయసు దంపతులకు పదేళ్ళ వీసా వచ్చింది. రెండుసార్లు వెళ్ళి వచ్చారు. రెండుసార్లూ ఇచ్చిన ఆరు నెలల గడువు తీరకముందే తిరుగు విమానం ఎక్కారు. అక్కడ ఒక్క రూపాయి పని చేయలేదు, ఒక్క రోజు ఎక్కువ ఉండలేదు. రెండోసారి వచ్చిన రెండు నెలలకే మళ్ళీ బయలుదేరితే, అక్కడి విమానాశ్రయంలో గంటలకొద్దీ కూర్చోబెట్టి, ప్రశ్నలు వేసి, వీసా మీద రద్దు ముద్ర కొట్టి వెనక్కి పంపారు. వాళ్ళు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే. “అన్ని రూల్సు పాటించినం గదా అయ్యగారూ, మరి ఎందుకు తీసేసిండ్రు?”

ఊరు మాత్రం ఆ ప్రశ్న అడగలేదు. ఊరి దగ్గర జవాబు ముందే ఉన్నది. దొంగ కాగితాలు పెట్టి ఉంటారని కొందరు, కొడుకు అక్కడ ఏదో చేసి ఉంటాడని కొందరు. సంఘంలో ఒకరిద్దరు ఇంకొక అడుగు వేసి, దశమభాగం విషయంలో ఏదో లోపం ఉండవచ్చన్నారు. ఈ మాటలు ఆ తల్లి చెవిన పడ్డాయి. ఆమె నాలుగు ఆదివారాలు గుడికి రాలేదు. వీసా పోవడం కన్నా మాకు ఇదే బరువుగా అనిపించింది.

కాబట్టి ముందు సంగతి తెలుసుకుందాం. వీసా అంటే ఆ దేశంలో ఉండడానికి హక్కు అని మనవాళ్ళ లెక్క. కాదు. అది ఆ దేశపు గుమ్మం దాకా వచ్చి లోపలికి రావచ్చా అని అడగడానికి ఇచ్చే అనుమతి. లోపలికి రానిచ్చేదీ మాన్పేదీ విమానాశ్రయంలో కూర్చున్న అధికారి. ఎన్నాళ్ళు ఉండవచ్చో కూడా ఆయనే నిర్ణయిస్తాడు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. వీసా మీద పదేళ్ళు అని ఉన్నా, లోపల ఉండేది ఆ ఐ-94 తేదీ వరకే. ఆ తేదీ దాటితే ఎవరూ ముద్ర వేయనక్కరలేదు, ఆ వీసా దానంతట అదే చెల్లకుండా పోతుంది.

సరే, తేదీ దాటలేదు. అప్పుడూ పోతుందా? పోతుంది. వీసా ఇచ్చిన తర్వాత ఎప్పుడైనా దాన్ని రద్దు చేసే అధికారం అమెరికా చట్టమే అక్కడి విదేశాంగ శాఖకు ఇచ్చింది. నేరం రుజువు కావలసిన పని లేదు. కొత్త సమాచారం ఏదైనా చేరి, అధికారికి అనుమానం కలిగితే చాలు. 2025 ఆగస్టులో ఆ శాఖ చెప్పిన మాట మన పత్రికల్లో కూడా వచ్చింది: చెల్లుబాటులో ఉన్న వీసాలు గల ఐదున్నర కోట్ల మందికి పైగా విదేశీయుల వివరాలను అది నిరంతరం పరిశీలిస్తూ ఉంటుందట. అంటే స్టాంపు పడిన రోజుతో పరీక్ష అయిపోలేదు.

ఇక ఆ దంపతుల సంగతి. సంవత్సరంలో పదకొండు నెలలు అక్కడే గడిపి, రెండు నెలలు ఇక్కడ ఉండి మళ్ళీ వస్తే, గుమ్మంలో ఉన్న మనిషికి వీళ్ళు చూసి పోవడానికి వచ్చేవాళ్ళుగా కనబడరు, అక్కడ కాపురం ఉంటున్నవాళ్ళుగా కనబడతారు. ఒక్కొక్క రాక నియమం ప్రకారమే ఉన్నది. అన్నీ కలిపి చూస్తే ఆయనకు వేరే అర్థం వచ్చింది. ఆ అర్థం తప్పే కావచ్చు. కాని నిర్ణయం ఆయనది.

ఇందులో మన భాష చేసే చిక్కు కూడా ఒకటి ఉన్నది. “ఎందుకు వచ్చారు” అని అడిగితే మన అమ్మలు “మనుమణ్ణి చూసుకోవడానికి” అంటారు. మనకు చూడడం, చూసుకోవడం రెండూ ప్రేమే. అదే మాటను ఇంకొకరు ఇంగ్లీషులోకి బేబీ సిట్టింగ్ అని మార్చి చెప్పారనుకోండి, అది జీతానికి చేసే పని పేరు. కోడలు ఆఫీసుకు పోతే పిల్లవాణ్ణి ఈమె కనిపెట్టుకొని ఉంటుంది, ఆయమ్మను పెట్టుకునే ఖర్చు తప్పుతుంది, అంటే ఈమె పనికి వచ్చినట్టే అని అధికారి లెక్క కట్టవచ్చు. నాయనమ్మ ఒడిని పని అనడం మనకు నవ్వు తెప్పిస్తుంది. అక్కడ నవ్వితే లాభం లేదు.

కొన్నిసార్లు మనిషికి సంబంధమే లేని కారణం వల్ల కూడా తలుపు మూసుకుంటుంది. 2015 డిసెంబరులో మన హైదరాబాదు విద్యార్థులను శంషాబాద్‌లోనే విమానం ఎక్కనీయలేదు, గుర్తుందా? వాళ్ళవి స్టూడెంట్ వీసాలు, చెల్లే వీసాలు. వాళ్ళు చేరబోయే కాలిఫోర్నియాలోని రెండు యూనివర్సిటీల మీద అక్కడి అధికారుల పరిశీలన ఉందన్నారు. పిల్లల చేతిలో ఏముంది? 2020 మార్చి 11న మన దేశమే, కరోనా కారణంగా, కొన్ని తరగతులవి తప్ప అన్ని వీసాలనూ నిలిపివేసింది. ఏ తప్పూ చేయని వేలమంది యాత్రికుల కాగితం ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోయింది. అమెరికాను ఒక్కదాన్నే అనడానికి లేదు.

అదే సంవత్సరం జరిగిన ఇంకొక సంగతి క్రైస్తవులుగా మనం మరచిపోకూడదు. ఆ మార్చిలో ఇండోనేషియా నుండి వచ్చిన పదిమంది ఢిల్లీ నుండి రైలులో రామగుండం దిగి కరీంనగర్ వచ్చారు. వాళ్ళకు కరోనా ఉన్నదని తేలింది. మన పక్క జిల్లా కాబట్టి ఆ భయం మనకు బాగా తెలుసు. ఏప్రిల్ 2న కేంద్ర హోంశాఖ తబ్లీగీ జమాత్ కార్యక్రమాల్లో పాల్గొన్నారని 960 మంది విదేశీయుల టూరిస్టు వీసాలు రద్దు చేసి, వారి పేర్లు బ్లాక్‌లిస్టులో పెట్టింది. పలుచోట్ల కేసులు నమోదయ్యాయి. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీయుల మీది కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. డిసెంబరులో ఢిల్లీ కోర్టు ఒకటి మరో 36 మందిని నిర్దోషులని విడిచిపెట్టింది. ఏప్రిల్‌లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన మాటలు ఎన్నో. ఆగస్టులో తీర్పు వచ్చినప్పుడు దాన్ని పంచినవాళ్ళు ఎందరు? వాళ్ళు మన మతంవాళ్ళు కారు. వీసా రద్దయింది కాబట్టి నేరం చేసే ఉంటారని అనుకోవడం ఎంత సులువో, అది ఎంత అన్యాయం కాగలదో ఇక్కడే చూడవచ్చు.

అయితే అన్ని రద్దులూ ఇలాంటివే అని చెప్పి మనవాళ్ళను మోసపుచ్చము. మన ప్రాంతంలో సువార్త సభలకు విదేశీ అతిథులను పిలిచే అలవాటు ఉన్నది. తెల్లవారి ఫోటో వేసిన ఫ్లెక్సీ కడితే జనం ఎక్కువ వస్తారని కొందరు సేవకుల ఆశ. ఆ అతిథులు చాలాసార్లు టూరిస్టు వీసా మీద వస్తారు. మన దేశపు నియమం స్పష్టంగానే ఉన్నది: టూరిస్టుగా వచ్చినవారు గుడికి రావచ్చు, కూర్చొని వాక్యం వినవచ్చు. మైకు పట్టుకొని ప్రసంగించడం, మత పుస్తకాలు, కరపత్రాలు పంచడం కుదరదు. దానికి మిషనరీ వీసా వేరే ఉన్నది. “రెండు మాటలు సాక్ష్యం చెప్పండి అన్నా” అని వేదిక మీదికి లాగి, తర్వాత ఆ అతిథి వీసా రద్దయితే శ్రమ వచ్చిందని చెప్పుకోవడం సరికాదు. అది శ్రమ కాదు, అతిథికి మనం చేసిన నష్టం.

ఆ ఫ్లెక్సీ అవసరమే లేదని కూడా మా అభిప్రాయం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు హనుమకొండకు వచ్చి మేలు చేశారు, వందనాలు. కాని 1912లో దోర్నకల్‌లో బిషప్ అయిన అజరయ్య గారు తెల్లవాడు కాదు, తిరునెల్వేలి ప్రాంతపు మనిషి. ఆయన కాలంలో ఇక్కడి పల్లెల్లో సంఘాలు కట్టినవాళ్ళు ఎక్కువమంది తెలుగువాళ్ళే, కాలినడకన తిరిగిన ఉపదేశకులు. వాళ్ళ దగ్గర పాస్‌పోర్టే లేదు.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. పౌలు దగ్గర వీసా లేదు, రోమా పౌరసత్వం ఉన్నది. అందుకే కొరడాతో కొట్టబోయినప్పుడు సహస్రాధిపతిని ఆపగలిగాడు, తర్వాత కైసరు ఎదుట చెప్పుకొంటానని అడగగలిగాడు (అపొ. కార్యములు 22, 25 అధ్యాయాలు). పౌరుడికి, పరదేశికి తేడా అదే. పౌరుడు తన హక్కు అడుగుతాడు, పరదేశి దయ అడుగుతాడు. విమానాశ్రయంలో మన పెద్దమనిషికి కైసరు లేడు. అంత పౌరసత్వం ఉన్న పౌలుకు కూడా బితూనియ వైపు తలుపు తెరుచుకోలేదు (16వ అధ్యాయం). అతని విశ్వాసం తక్కువైందని అక్కడ ఎక్కడా రాయలేదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు మొదట అడిగింది ఎవరి పాపం వల్ల అనే. ప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు (యోహాను 9). సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది సంగతి వచ్చినప్పుడూ, వారు మిగతావారికంటే పాపులని అనుకోవద్దన్నాడు (లూకా 13). గోపురం కింద పడినవాణ్ణే అనుమానించకూడదంటే, ఒక అధికారి మేజా దగ్గర ఆగిపోయినవాళ్ళను అనుమానించడానికి మనమెవరం?

చిలుకూరుకు పోయి వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 చేసేవాళ్ళను చూసి మన విశ్వాసులు నవ్వుతారు. నవ్వేముందు మన గుళ్ళో జరిగేది చూసుకోవాలి. పాస్‌పోర్టు మీద నూనె రాయించుకోవడం, వీసా వస్తే కృతజ్ఞత కానుక ఇంత అని ముందే మొక్కుకోవడం, వచ్చినవాళ్ళు మైకులో సాక్ష్యం చెబుతుంటే రానివాళ్ళు వెనుక వరుసలో తల వంచుకోవడం. పేరు మారింది తప్ప పద్ధతి ఏం మారింది? వీసా వస్తే దేవుని దీవెన అని వేదిక మీద చెప్పిన సంఘం, వీసా పోతే దేవుని శిక్ష అని నోటితో చెప్పకపోయినా చెప్పినట్టే. ఆ తల్లి గుడికి రాలేకపోవడానికి కారణం వీసా ముద్ర కాదు, మనం ఏళ్ళ తరబడి విన్న ఆ సాక్ష్యాలు.

వీసా పోయినవాళ్ళకు రెండు మాటలు. ఆ రోజు చేతిలో పెట్టిన కాగితాలు పారేయకండి. మీరే వెనక్కి మళ్ళినట్టు రాయించుకున్నారా, బలవంతంగా తిప్పిపంపినట్టు రాశారా అన్నది అందులో ఉంటుంది. రెండోదైతే మామూలుగా ఐదేళ్ళ నిషేధం ఉంటుంది, మొదటిదానితో అలాంటి నిషేధం దానంతట అది రాదు. బిడ్డలతో చదివించుకోండి, అవసరమైతే అక్కడి ఇమ్మిగ్రేషన్ వకీలుకు చూపించమనండి. మళ్ళీ దరఖాస్తు చేసినప్పుడు, ఇంతకుముందు వీసా రద్దయిందా అని ఫారంలో అడుగుతారు. అయిందని రాయండి. లేదని పెడదామనే ఏజెంటు దగ్గరినుండి లేచి రండి. 2025 మార్చిలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం, బాట్లతో పట్టిన దాదాపు 2000 అపాయింట్‌మెంట్లను ఒక్కసారే రద్దు చేసింది. రద్దయిన వీసాకు మళ్ళీ అడగవచ్చు. అబద్ధం దొరికితే జీవితాంతం తలుపు మూసే చట్టం అక్కడ ఉన్నది.

ఆ దంపతులు ఇప్పుడు రోజూ పొద్దున మనుమడితో వీడియో కాల్‌లో మాట్లాడుతున్నారు. వాడికి తెలుగు తక్కువ, తాతకు ఇంగ్లీషు తక్కువ. కోడి, మేక, ట్రాక్టరు చూపిస్తే చాలు వాడికి.

వచ్చే ఉపవాస ప్రార్థనకు వీసా మనవులు ఉన్నవాళ్ళు ఎప్పటిలాగే చీటీలు ఇవ్వండి. రద్దయినవాళ్ళు కూడా ఇవ్వండి. పేరు చదవము, కారణం అడగము. ఆ రోజు సాక్ష్యాల సమయంలో ముందుగా మాట్లాడేది ఆ తల్లే. గుడికి తిరిగి వస్తానని, మాట్లాడతానని ఒప్పుకొన్నారు.