మ్యూజియం చీటీ మీద ఎవరి పేరు?

గత నెల ఒక ఆదివారం సాయంత్రం అంబర్‌పేటలో, మూసీ వైపు వాలిన ఒక బస్తీలో, నా పాత విద్యార్థి ఇంట్లో రేకు పెట్టె ముందు కూర్చున్నాను. పొద్దున్నే చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లి, రోజంతా గ్రూప్స్‌కు చదువుకుని, రాత్రికి ఇల్లు చేరే వేలాది మందిలో ఆ అబ్బాయి ఒకడు. పెట్టెలో ఉన్నవి వాళ్ల తాత వస్తువులు. ఆయన పోలీసు కానిస్టేబులు. 1970లలో శాఖ జట్టు తరఫున ఫుట్‌బాల్ ఆడారు. రెండు పతకాలు, అంకె వెలిసిపోయిన ఒక జెర్సీ, చెమ్మకు అంచులు ఉబ్బిన జట్టు ఫోటో, ఒక జత బూట్లు. ఆ బూట్లు అంగట్లో కొన్నవి కావు. డ్యూటీలో అరిగిపోయిన పోలీసు బూట్లను కోసి, అడుగున తోలు ముక్కలను మేకులతో బిగించి, వాటిని ఆటకు పనికొచ్చేలా తయారు చేసింది ఆ తాత తండ్రి. గోల్నాక రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టిన మాదిగ ఆయన.

క్రీడా మ్యూజియం పెడుతున్నామంటూ ఒక సంస్థ తరఫున ఇద్దరు వచ్చారట. అన్నీ ఇచ్చేయమన్నారట. పేరు చిరకాలం నిలుస్తుందన్నారట. కాగితం ఏదైనా రాసిస్తారా అని అబ్బాయి అడిగితే, ఇలాంటి మంచిపనికి కాగితాలెందుకని నవ్వారట. నన్ను పిలిచింది అందుకే. అంతసేపూ మాట్లాడకుండా కూర్చున్న వాళ్ల నాయనమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "ఇస్తే మళ్లా సూడనిస్తరా బిడ్డా? మేం గుడ టికెట్టు కొనాల్నా?"

చరిత్రను, కులాన్ని రెండు దశాబ్దాలుగా పాఠం చెబుతున్న నాకు ఆ ప్రశ్నకు తక్షణం జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చి చట్టాలు తిరగేశాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం చరాస్తిని దానం చేయడానికి రిజిస్టరైన పత్రం తప్పనిసరి కాదు. వస్తువును చేతికి అందిస్తే చాలు. ఒకసారి అలా దానమైపోయాక మనసు మారిందని వెనక్కి తీసుకునే వీలు దాదాపు లేదు. ఎరువుగా, అంటే కొంతకాలానికి వాడుకోమని ఇస్తే సంగతి వేరు. అది 1872 కాంట్రాక్టు చట్టం చెప్పే బెయిల్‌మెంట్ కిందికి వస్తుంది. యాజమాన్యం ఇచ్చినవాళ్లదే. పుచ్చుకున్నవాళ్లు దానిని సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవాలని 151వ సెక్షన్, షరతులకు విరుద్ధంగా వాడితే ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని 153వ సెక్షన్, గడువు తీరగానే అడగకపోయినా తిరిగి ఇవ్వాలని 160వ సెక్షన్ చెబుతున్నాయి. దానానికీ ఎరువుకూ మధ్య తేడాను నిరూపించేది కాగితమే. కాగితం లేని చోట చేతికి అందించడం ఒక్కటే సాక్ష్యంగా మిగులుతుంది, అది పుచ్చుకున్నవాడి పక్షాన మాట్లాడుతుంది. కాగితం లేక పట్టా భూములు పోగొట్టుకున్న కులాలకు ఈ విషయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇదంతా అతి జాగ్రత్త అనుకునేవారు బల్బీర్ సింగ్ సీనియర్ కథ గుర్తు చేసుకోవాలి. లండన్ 1948, హెల్సింకి 1952, మెల్‌బోర్న్ 1956: మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన హాకీ జట్లలో ఆయన ఉన్నారు. హెల్సింకి ఫైనల్లో నెదర్లాండ్స్‌పై భారత్ చేసిన ఆరు గోళ్లలో ఐదు ఆయనవే. 1985లో, రాబోయే క్రీడా మ్యూజియం కోసమని, మెల్‌బోర్న్‌లో కెప్టెన్‌గా తొడుక్కున్న బ్లేజరును, 36 పతకాలను, నూరుకు పైగా ఫోటోలను స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాకు అప్పగించారు. 2012 లండన్ ఒలింపిక్స్ సందర్భంగా ఒక ప్రదర్శన కోసం ఆ వస్తువులు అవసరమైనప్పుడు గానీ, అవి కనిపించడం లేదని బయటపడలేదు. ఆయన ఏళ్ల తరబడి అడిగారు. 2020 మే నెలలో, 96 ఏళ్ల వయసులో, అవి చేతికి రాకుండానే కన్నుమూశారు. దేశమంతా తెలిసిన, పత్రికలు వెంట నిలిచిన మనిషికే ఆ గతి పట్టింది. గోల్నాక కానిస్టేబులు భార్య ఏ కార్యాలయం మెట్లెక్కి, ఏ గుమాస్తాను అడగగలదు?

హైదరాబాదుకు మ్యూజియాల కొరత లేదు. పురానీ హవేలీలో ఆరో నిజాం దుస్తుల బీరువాకు ఏకంగా ఒక పొడవాటి హాలే ఉంది. తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదని ఆయన గురించి గొప్పగా చెబుతారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ కూడా భద్రంగా ఉంది. మరి ఈ నగరపు బస్తీలు సృష్టించిన ఫుట్‌బాల్? సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షకుడిగానే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. రహీం పేరు కొత్త తరానికి తెలియడానికి 2024లో హిందీ సినిమా 'మైదాన్' రావలసి వచ్చింది. క్రికెట్ వైపు చూస్తే మొయినుద్దౌలా గోల్డ్ కప్పు ఉంది. గెలిచిన జట్లు మారాయి, కప్పు మీద పోషకుడి పేరు మారలేదు. వెండి కప్పు మిగులుతుంది, దాన్ని ఇచ్చిన దొర మిగులుతాడు. ఆడినవాడి అరిగిన బూటు మిగలాలంటే ఎవరో ఒక ముసలమ్మ దాన్ని పారేయకుండా యాభై ఏళ్లు కాపాడాలి.

అసలు ఏ వస్తువు మిగులుతుందన్న దానిలోనే కులం ఉంది. పల్వంకర్ బాలూ సంగతే తీసుకోండి. చమార్ కులంలో పుట్టిన ఆయన, పుణెలో తెల్లవారి క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి మైదానం పనులు చూసుకుంటూ, నెట్స్‌లో దొరలకు బంతులు వేస్తూ ఎదిగిన ఎడమచేతి స్పిన్నరు. హిందువుల జట్టుకు ఆయన వికెట్లు కావాలి, ఆయన ఎంగిలి మాత్రం అక్కర్లేదు. మైదానంలో ఆయన వేసిన బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ విరామంలో తక్కినవారు పెవిలియన్‌లో పింగాణీ కప్పుల్లో తాగుతుంటే, ఆయనకు బయట మట్టి ముంతలో పోశారు. 1911లో ఇంగ్లండు పర్యటనలో 114 వికెట్లు తీసి తిరిగి వచ్చిన మనిషి ఆయన. మన పల్లెల్లోని రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవారికి ఆ ముంత కొత్త కాదు. భారత క్రికెట్ చరిత్రను ఒకే ఒక్క వస్తువుతో చెప్పమంటే నేను ఆ మట్టి ముంతనే అడుగుతాను. కానీ అది ఏ మ్యూజియానికీ దొరకదు. తాగిన వెంటనే పగలగొట్టడానికే దాన్ని చేశారు. అంటరానితనం తన ఆనవాలును తానే చెరిపేసుకుంటుంది. పింగాణీ కప్పు మాత్రం అల్మారాలో పదిలంగా ఉంటుంది.

1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడిపోయారు. వట్టి పాదాలు అద్దాల బీరువాలోకి ఏం ఇస్తాయి?

ఇక మిగిలిన వస్తువు పక్కన పెట్టే చీటీ గురించి. "నిరుపేద కుటుంబంలో పుట్టి, కష్టాలను జయించి" అనే వాక్యం మన క్రీడా రచనలో అరిగిపోయిన నాణెం. పేదరికం అనగానే కులం అనే మాట అవసరం తీరిపోతుంది. పేదరికాన్ని జయించవచ్చు గనుక కథ సుఖాంతమవుతుంది, చూసేవారికి ఇబ్బంది ఉండదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికాపై హ్యాట్రిక్ చేసింది. ఒలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. కొన్ని రోజులకే జట్టు సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడిపోతే, హరిద్వార్ దగ్గరి రోషనాబాద్‌లో ఆమె ఇంటి ముందు పొరుగువాళ్లు టపాసులు కాల్చారు. జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిపోయామని కులం పేరుతో తిట్టారు. రేపు ఆమె హాకీ కర్ర ఏ మ్యూజియంలోనైనా చేరితే, చీటీ మీద హ్యాట్రిక్ తప్పక ఉంటుంది. టపాసుల సంగతి రాస్తారా? రాయమని అడిగే హక్కు కర్రను దానం చేసేసినవారికి ఉండదు. ఎరువిచ్చినవారు దాన్ని షరతుగా పెట్టవచ్చు.

ఇంట్లో ఉంటే మాత్రం భద్రమా అని మిత్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2020 అక్టోబరు వానలకు ఆ ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఒక ప్రశంసాపత్రం ముద్దయిపోయింది, పెట్టె అటక మీద ఉండబట్టి తక్కినవి మిగిలాయి. తోలుకు తేమ ఎక్కువైతే బూజు, తక్కువైతే పగుళ్లు. ఒకే గదిలో ఐదుగురు బతికే ఇంటిని ప్రదర్శనశాల చేయమనడం మరో రకమైన అన్యాయం. వేలం పాట ఇంకో దారి. బెర్లిన్ 1936లో జెస్సీ ఓవెన్స్ గెలిచిన నాలుగు స్వర్ణాల్లో ఒకటి 2013లో 14 లక్షల డాలర్లకు పైగా పలికింది. మన కానిస్టేబులు పతకానికి పాత ఇనుము ధర కూడా రాదు. చట్టం రక్షణ కూడా లేదు: 1972 పురావస్తువుల చట్టం కిందికి రావాలంటే వస్తువుకు సాధారణంగా నూరేళ్లు నిండాలి. ఈ బూట్లకు ఇంకా సగం వయసే.

వాషింగ్టన్‌లో 2016లో తెరుచుకున్న ఆఫ్రికన్ అమెరికన్ జాతీయ మ్యూజియం వారు భవనం లేవకముందే, 2008 నుంచి, నగరం నగరం తిరిగారు. ఇళ్లలోని పెట్టెలు పట్టుకురమ్మని నల్లజాతి కుటుంబాలను పిలిచారు. వచ్చినవారికి ఆ వస్తువులేమిటో, వాటిని ఇంట్లోనే ఎలా కాపాడుకోవాలో నిపుణులు కూర్చుని చెప్పారు. ఇచ్చినవారు ఇచ్చారు, తీసుకెళ్లినవారు తీసుకెళ్లారు. మన దగ్గర అంబర్‌పేట పోలీసు లైన్లలోనో, నారాయణగూడ వై.ఎం.సి.ఎ.లోనో ఒక ఆదివారం అలా కూర్చోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాదుకు ఖాయమయ్యాయి, ఇక్కడ క్రీడా విశ్వవిద్యాలయం మాట వినిపిస్తోంది. ఇలాంటి సందర్భాల్లోనే పాత వస్తువుల కోసం పెద్దవాళ్లు బస్తీలకు వస్తారు. వచ్చేముందే విశ్వవిద్యాలయాల్లోని మేమూ, చట్టం చదువుకుంటున్న మా విద్యార్థులూ ఒక నమూనా ఒప్పందం రాసి ఉంచితే ఎవరికి నష్టం?

ఆ పని మేం మొదలుపెట్టాం. తరువాతి ఆదివారం అబ్బాయీ నేనూ కలిసి రెండు పేజీలు రాశాం. ప్రతి వస్తువుకూ ఫోటో, ఇప్పటికే ఉన్న మరకలతో సహా వర్ణన. మూడేళ్ల గడువు, ఆపైన రాతపూర్వకంగా పొడిగింపు. బీమా ఖర్చు సంస్థదే. మరొకరికి ఇవ్వాలన్నా, ప్రదర్శన నుంచి తీసి గోదాములో పెట్టాలన్నా ముందు కబురు చేయాలి. కుటుంబానికి ప్రవేశం ఉచితం. ఇది నాయనమ్మ షరతు, మొదటి పేజీలోనే ఉంది. చీటీ మీది రాత కుటుంబం ఆమోదించాకే పెట్టాలి. అక్కడే చాలాసేపు ఆగిపోయాం. తాత పేరు, జట్టు, సంవత్సరాలు రాశాక చదివి వినిపిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. "గవి కుట్టింది మా మామ. ఆయన పేరేది?" అంది. కులం పేరు రాయాలా వద్దా అన్నదానిపై మనవడు కాస్త తటపటాయించాడు. రేపు ఇంటర్వ్యూ బోర్డులో ఎవరైనా ఆ చీటీ చూసి గుర్తుపడితే అని అతని భయం. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోలేదు, నా ఉద్యోగంలో నాకూ అది తెలిసినదే. చివరికి అతనే రాశాడు: ఈ బూట్లను కుట్టింది ఆటగాడి తండ్రి, గోల్నాకలో చెప్పులు కుట్టిన మాదిగ, అని; పక్కన ఆయన పేరు.

కాగితాలు పంపి మూడు వారాలైంది. చీటీలో అంత చోటు ఉండదని, రెండు వరుసలకు కుదించమని సంస్థ నుంచి ఫోను వచ్చింది. పతకాల గురించిన వరుస తీసేయండి, బూట్ల గురించినది ఉంచండి అని అబ్బాయి చెప్పాడు. ఆలోచించి చెబుతామన్నారు. పెట్టె మళ్లీ అటక ఎక్కింది.