కారణం రాయని మరణాలు

2020లో భారతదేశంలో నమోదైన మరణాలు సుమారు 81 లక్షలు. వాటిలో వైద్యుడు కారణం రాసి సంతకం చేసినవి 18 లక్షలు, అంటే నూటికి ఇరవై రెండున్నర. మిగిలినవారు ఏ తేదీన, ఏ వయసులో, ఏ ఊళ్లో పోయారో ప్రభుత్వానికి తెలుసు గాని ఎందుకు పోయారో తెలియదు. ఏ జబ్బుకు ఎంత మందు కొనాలి, ఏ జిల్లాకు ఏ నిపుణుణ్ని పంపాలి, ఏ వయసువారికి ముందుగా పరీక్షలు జరపాలి అనే నిర్ణయాలు చాలావరకు ఈ చీకటిలోనే జరుగుతున్నాయి. మరణాల రేటు మీద పరిశోధన చేసేవారికి ఈ దేశంలో ఎదురయ్యే అతి పెద్ద అడ్డంకి ఇదే. ఆ అడ్డంకిని కొందరు పరిశోధకులు ఊరూరా తిరిగి, గడపగడపా అడిగి దాటిన తీరు భారత ప్రజారోగ్య చరిత్రలో గర్వించదగిన ఘట్టం.

ఒక ఏడాదిలో ప్రతి వెయ్యిమంది జనాభాకు ఎంతమంది చనిపోయారో చెప్పే అంకెను ముడి మరణాల రేటు అంటారు. చూడటానికి ఇది సూటిగా ఉంటుంది గాని పోల్చబోతే దారి తప్పిస్తుంది. 2020 లెక్కల ప్రకారం ఈ రేటు కేరళలో 7.0 కాగా బీహార్‌లో 5.4 మాత్రమే, ఈ రెండంకెలనే నమ్మినవారు బతకడానికి బీహారే మేలని తీర్మానించవలసి వస్తుంది. అసలు సంగతేమిటంటే కేరళ జనాభాలో వయసు మళ్లినవారి పాలు ఎక్కువ, బీహార్‌లో పిల్లల, యువకుల పాలు ఎక్కువ. వృద్ధులున్న చోట మరణాలు ఎక్కువగా ఉండటం సహజం. అదే ఏడాది పుట్టిన ప్రతి వెయ్యిమంది పసికందులలో ఏడాది నిండకముందే కన్నుమూసినవారు కేరళలో 6, బీహార్‌లో 27. అందువల్ల రెండు ప్రాంతాలను పోల్చేటప్పుడు పరిశోధకులు ఒక్కొక్క వయసులోని మరణాల రేటును విడివిడిగా తీసుకుని, రెండు చోట్లా వయసుల పంపిణీ ఒకేలా ఉంటే మొత్తం రేటు ఎంత ఉండేదో లెక్కగడతారు. దీనినే వయో ప్రమాణీకరణ అంటారు. ఈ సవరణ చేయని పోలికలు పత్రికలలోనూ ప్రసంగాలలోనూ ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. వాటిని నమ్మకపోవడమే మంచిది.

మరణాలను లెక్కించి వాటినుంచి పాఠం తీయవచ్చని మొదట నిరూపించినవాడు వైద్యుడు కాడు. లండన్‌లో దుస్తుల సరంజామా అమ్ముకునే జాన్ గ్రాంట్ అనే వర్తకుడు నగరంలో వారం వారం ప్రకటించే మరణాల జాబితాలను పోగుచేసి 1662లో ఒక పుస్తకం వెలువరించి, పుట్టిన వందమందిలో 36 మంది ఆరేళ్లు నిండకుండానే పోతున్నారని అంచనా కట్టాడు. ఆ జాబితాలలో మరణం పక్కనే, ఎంత మొరటుగానైనా సరే, కారణం కూడా రాసి ఉండేది. మూడున్నర శతాబ్దాల తర్వాత భారతదేశంలో నమోదైన మరణాలలో ఎక్కువ భాగానికి ఆపాటి రాత కూడా లేదు.

దేశంలో జనన మరణాల నమోదును తప్పనిసరి చేసిన చట్టం 1969లో వచ్చింది. అయితే నమోదు పూర్తిగా జరగదని ముందే గ్రహించిన భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం అదే కాలంలో నమూనా నమోదు పద్ధతిని నెలకొల్పింది. దేశమంతటా ఎంపిక చేసిన వేలాది గ్రామాలలో, పట్టణ వాడలలో ఒక స్థానిక గణకుడు పుట్టుకలనూ చావులనూ ఎప్పటికప్పుడు రాసుకుంటాడు. ఆరు నెలలకొకసారి మరొక పర్యవేక్షకుడు ఆ రాతలు చూడకుండానే ఇల్లిల్లూ తిరిగి సొంతంగా లెక్క తీస్తాడు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, పొసగని ప్రతి పేరు కోసం మళ్లీ ఆ గడపకు వెళ్లి నిజం తేలుస్తారు. 1971లో వెయ్యికి 129గా ఉన్న శిశు మరణాల రేటు 2020 నాటికి 28కి దిగిందని నమ్మకంగా చెప్పగలుగుతున్నామంటే కారణం ఈ జంట లెక్క. పేద దేశం తన పరిమితులను తెలుసుకుని కట్టుకున్న ఇంత పటిష్ఠమైన ఏర్పాట్లు ప్రపంచంలో తక్కువ.

ఈ పద్ధతి మరణాల సంఖ్యను చెప్పింది గాని కారణాన్ని చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి వాడుకలోకి వచ్చినదే మౌఖిక శవపరీక్ష. పేరు కఠినంగా ఉన్నా అందులో జరిగేది ఓపికగా వినే పని. ఇంట్లో మరణం జరిగిన కొన్నాళ్లకు శిక్షణ పొందిన వ్యక్తి ఆ కుటుంబం దగ్గర కూర్చుని, జ్వరం ఎన్నాళ్లుంది, ఆయాసం వచ్చిందా, నొప్పి ఎక్కడ మొదలైంది, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయాయా, ఏ మందు వాడారు అని వరుసగా అడిగి, వారు చెప్పినదాన్ని వారి భాషలోనే అర పుటలో రాస్తాడు. ఆ రాతను ఇద్దరు వైద్యులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చదివి కారణం నిర్ణయిస్తారు. ఇద్దరికీ కుదరకపోతే మరొక సీనియర్ వైద్యుడు తేలుస్తాడు.

ఈ పద్ధతి ఏమి చూపగలదో గోదావరి జిల్లాలు స్పష్టంగా చెప్పాయి. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో, లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాది పాటు జరిగిన 1,354 మరణాలను ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశోధన బృందం ఇలాగే పరిశీలించింది. పల్లెల్లో చావంటే విషజ్వరం, క్షయ, అతిసారమేనని అందరూ అనుకుంటున్న రోజులవి. తేలిన సత్యం వేరు. నూటికి 32 మరణాలకు గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ సంబంధమైన వ్యాధులే కారణం. ప్రమాదాలూ ఇతర గాయాలూ 13 శాతం కాగా, వాటిలో మూడో వంతు ఆత్మహత్యలు. అంటువ్యాధులు 12 శాతంతో ఆ తర్వాతి స్థానానికి దిగిపోయాయి. రక్తపోటు పరీక్షించే పరికరం, చవకగా దొరికే మాత్రలు పట్నపు ఆసుపత్రి కంటే ముందుగా పల్లె ఆరోగ్య కేంద్రంలో ఉండాలన్న వాదనకు ఈ అంకెలు బలమిచ్చాయి. అంతకు ముందు ఆ వాదన చేసినవారి చేతిలో ఆధారం లేదు.

ఇదే పద్ధతిని దేశవ్యాప్తంగా నమూనా నమోదు గ్రామాలన్నిటికీ విస్తరించినదే పది లక్షల మరణాల అధ్యయనం. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంతో కలిసి టొరంటో పరిశోధకుడు ప్రభాత్ ఝా నాయకత్వంలో సాగిన ఈ పని ఎన్నో విషయాలను వెలికి తీసింది గాని, తెలుగువారికి అందులో అన్నిటికన్నా దగ్గరగా తగిలేది పాముకాటు.

ప్రభుత్వ ఆసుపత్రుల లెక్కల ప్రకారం దేశంలో పాముకాటు మరణాలు ఏటా వెయ్యిన్నరకు మించేవి కావు. 2001–03 మధ్య జరిగిన లక్షా 23 వేల మరణాలను పరిశీలించగా వాటిలో 562 పాముకాటువని తేలింది. దీన్ని దేశ జనాభాకు విస్తరించి చూస్తే 2005లో ఆ మరణాలు సుమారు 46 వేలు. జనాభా పెద్దది కాబట్టి సంఖ్యలో ఉత్తరప్రదేశ్ ముందుంది. కానీ జనాభాతో పోల్చి లెక్కగట్టిన రేటులో అన్ని రాష్ట్రాలనూ మించినది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ప్రతి లక్షకు 6.2 మరణాలతో. ఆసుపత్రి లెక్కకూ నిజానికీ ఇంత దూరం ఎందుకు వచ్చిందో కూడా ఆ అధ్యయనమే చెప్పింది. మరణించినవారిలో నూటికి 97 మంది పల్లెవాసులు. నూటికి 77 మంది ఆసుపత్రి బయటే పోయారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నాట్లు కలుపుల కాలంలో, పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వయసువారిలో ఈ చావులు ఎక్కువ. నేలమీద పడుకున్నవారిని రాత్రివేళ కాటేసే కట్లపాము విషయంలో వాపూ నొప్పీ పెద్దగా ఉండవు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. మంత్రం వేయించడానికి గంట, పసరు పోయించడానికి గంట పోయాక విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి దారి పట్టే కుటుంబాలకు ఆ దారి మధ్యలోనే ముగిసిపోతుంది. ఇలా పోయినవారు ఏ ఆసుపత్రి రిజిస్టరులోనూ లేరు గనుక విరుగుడు మందు ఎంత తయారు కావాలి, ఏ మండలంలో నిల్వ ఉంచాలి అనే లెక్కలోకీ రాలేదు.

తర్వాతి కథ ఆశ కలిగిస్తుంది. ఈ అంకెలు వచ్చిన కొన్నేళ్లకు, 2017లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2024లో భారత ప్రభుత్వం 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి, పాముకాటును తప్పనిసరిగా నివేదించవలసిన జబ్బుగా గుర్తించమని రాష్ట్రాలను కోరింది. చనిపోయినవారి ఇంటి అరుగు మీద కూర్చుని రాసుకున్న అర పుట ఇంత దూరం నడిచి వచ్చింది.

అయితే ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. పాముకాటు, రోడ్డు ప్రమాదం వంటివి కుటుంబం పొరబడని కారణాలు. జ్వరం అలా కాదు. ఇదే అధ్యయనం 2010లో దేశంలో డెబ్భై ఏళ్లలోపు మలేరియా మరణాలు ఏటా సుమారు రెండు లక్షలని ప్రకటించగా, అప్పటిదాకా 15 వేలని చెబుతూ వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అంకెను అంగీకరించలేదు; ఇతర జ్వరాలను కుటుంబాలు మలేరియాగా చెప్పి ఉండవచ్చన్నది దాని అభ్యంతరం. ఆ అభ్యంతరంలో బలముంది. అయినా పాత అంకె ఆసుపత్రికి చేరినవారిని మాత్రమే చూసిందన్న విమర్శకు కూడా సమాధానం రాలేదు. పొగాకు విషయంలో ఇంత వివాదం లేదు: 2010 దశకంలో పొగతాగడం వల్ల దేశంలో ఏటా పది లక్షలమంది పోతారని, బీడీ తాగే పురుషుడు సగటున ఆరేళ్లు, సిగరెట్ తాగేవాడు పదేళ్లు ఆయుష్షు కోల్పోతున్నారని 2008లో ఈ బృందం చూపింది.

జబ్బు పేరు తెలిసినా పరిశోధన అక్కడితో ఆగదు, ఆ జబ్బు ఒకరిని ముందుగా, మరొకరిని ఆలస్యంగా ఎందుకు తీసుకుపోతున్నదన్నది అంతకన్నా లోతైన ప్రశ్న. ఆదాయమే కారణమన్న నమ్మకాన్ని 1975లో జనాభా శాస్త్రజ్ఞుడు శామ్యూల్ ప్రెస్టన్ సడలించాడు. 1930ల నుంచి 1960ల వరకు ప్రపంచంలో పెరిగిన ఆయుర్దాయంలో ఆదాయ వృద్ధి వాటా పావు వంతుకు మించదని, మిగిలినది టీకాలు, పారిశుద్ధ్యం, వైద్య విజ్ఞానం వంటి వాటి ఫలమని అతడు లెక్క తేల్చాడు. లండన్ ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలై మైకేల్ మార్మట్ విశ్లేషణలతో పేరుపొందిన వైట్‌హాల్ అధ్యయనంలో అట్టడుగు స్థాయి ఉద్యోగులు గుండెజబ్బుతో మరణించే రేటు పై అధికారుల రేటుకు మూడింతలని తేలింది. వారిలో ఎవరూ ఆకలితో ఉన్నవారు కారు, వైద్యం అందనివారూ కారు. పొగతాగడాన్నీ రక్తపోటునూ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా తేడా పూర్తిగా చెరగలేదు. పేద దేశాలలో తల్లి చదువు బిడ్డ ప్రాణాన్ని కాపాడుతుందని మరొక జనాభా శాస్త్రజ్ఞుడు జాన్ కాల్డ్‌వెల్ నైజీరియాలో గమనించి, తర్వాత తక్కువ ఆదాయంతోనే మరణాలను తగ్గించిన కేరళ, శ్రీలంక, కోస్టారికాలలో స్త్రీ విద్య పాత్రను ఎత్తి చూపాడు.

తెలంగాణకు సరిహద్దునే ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ వైద్య దంపతులు ఇలా అడిగి తెలుసుకున్న జ్ఞానాన్ని కార్యరూపంలో పెట్టారు. నెలలోపు పసిబిడ్డలు ఎందుకు పోతున్నారో ఇంటింటా తెలుసుకుని, 39 గ్రామాలలో స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చి, బిడ్డను వెచ్చగా ఉంచడం, ఊపిరి తీసుకోకపోతే ఊపిరి అందించడం, రక్తంలో చేరిన విషక్రిములకు సూదిమందు ఇవ్వడం వారి చేతనే చేయించారు. అలాంటి శిక్షణ లేని గ్రామాలతో పోలిస్తే ఆ వయసు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఆశా కార్యకర్త నేడు బాలింత ఇంటికి వచ్చి బిడ్డను తూచి చూడటం వెనుక ఈ పరిశోధన ఉంది.

అడిగి తెలుసుకున్న చోట ప్రాణాలు నిలిచాయి గనుక అడగని చోట్ల గురించి కలవరపడవలసి ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కూలదోస్తున్నా దాని మూలం నేటికీ తేలలేదు. ఇంటి దగ్గర ఆగిపోయిన ప్రతి ప్రాణానికీ వయసు, వృత్తి, తాగిన నీరు, జబ్బు నడిచిన క్రమం రాసిపెట్టి ఉంటే పరిశోధకుల పని ఎంతో తేలికయ్యేది. కారణం మాట అటుంచి, కొన్ని మరణాలు అసలు నమోదే కావు. 2020లో నమోదైన మరణాలలో పురుషులవి 60 శాతం, స్త్రీలవి 40 శాతం. ఇంత తేడాకు స్త్రీల దీర్ఘాయువు ఒక్కటే కారణం కాజాలదు. భూమి పట్టా మార్పిడికో, బీమా సొమ్ముకో, పింఛనుకో అవసరమైనప్పుడే మరణ ధ్రువీకరణ పత్రం తీసుకునే అలవాటు ఉన్నంతకాలం, పేరున ఆస్తి లేని ముసలమ్మ చావూ పసిబిడ్డ చావూ కాగితం మీదికి రావు. కొవిడ్ కాలంలో దీని ఫలితం దేశమంతా చూసింది. 2019లో 76 లక్షలుగా ఉన్న నమోదైన మరణాలు 2021లో కోటీ రెండు లక్షలకు చేరాయి. 2020, 2021లలో కలిపి అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేయగా ప్రభుత్వం ఆ గణిత పద్ధతినే తోసిపుచ్చింది. ప్రతి మరణానికీ కారణం రాసి ఉంటే ఈ వివాదానికి చోటే ఉండేది కాదు.

వైద్యులు రాసిన పత్రాలలో కూడా ఒక లోపం ఉంది. మరణానికి దారితీసిన గొలుసులో మొదటి లంకెను మూల కారణం అంటారు. మధుమేహం మూత్రపిండాలను పాడుచేసి ప్రాణం తీస్తే మూల కారణం మధుమేహం. దానికి బదులు గుండె ఆగి మరణించారని రాయడం తరచుగా జరుగుతోంది. గుండె ఆగని మరణం ఉండదు కాబట్టి ఆ మాట పరిశోధనకు ఎందుకూ కొరగాదు.

ఆసుపత్రిలో జరిగిన మరణానికి వైద్యుని చేత సరైన కారణం రాయించడం, ఇంట్లో జరిగిన మరణానికి ఆరోగ్య కార్యకర్త ద్వారా అర పుట వివరం సేకరించడం రెండు తెలుగు రాష్ట్రాల శక్తికి మించిన పనులు కావు. అందుకు తగిన సిబ్బంది గ్రామ గ్రామానా ఉన్నారు. కుటుంబాలు కూడా మరణించినవారు ముసలివారైనా, పొత్తిళ్లలోని బిడ్డలైనా, ఇరవై ఒక్క రోజులలోపు నమోదు చేయించి, కారణం రాసిన పత్రం అడిగి తీసుకోవాలి. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, చికిత్స పొందుతూ మనిషి మరణించిన ప్రతి ఆసుపత్రీ ఆ పత్రాన్ని రిజిస్ట్రారుకు పంపి, దగ్గరి బంధువుకు ఒక ప్రతిని ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 2023 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది.