పళ్లు చూశారు సరే, నడక చూశారా?

సంతలో ఎద్దును కొనే రైతు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. అక్కడితో బేరం ముగించడు. పలుపు పట్టుకుని నాలుగు అడుగులు నడిపిస్తాడు. ముందుకాలు ఈడుస్తోందా, గిట్ట సరిగ్గా పడుతోందా అని వంగి మరీ చూస్తాడు. పళ్లు వయసును చెబుతాయి, సత్తువను చెప్పేది నడకే. పాత కార్ల విషయానికొచ్చేసరికి మన నిబంధనలు, కొనేవాళ్లు, చివరికి సొంతదారులు కూడా పళ్ల దగ్గరే ఆగిపోతున్నారు.

మారుతి 800నే తీసుకోండి. 1983 డిసెంబరు 14న తొలి కారు చేతికొచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. ఈ ముప్పై ఏళ్లలో 25 లక్షలకు పైగా కార్లు అమ్ముడుపోయాయి. భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధన రావడంతో హైదరాబాద్ సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్ నుంచే దీని అమ్మకం నిలిచిపోయింది. అంటే ఆ నగరాల్లో కొత్తగా కొన్న 800 ఏదైనా ఇవాళ్టికి 15 ఏళ్లు దాటినదే. రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఆ గడువు దగ్గరపడగానే రంగు వేయిస్తారు, సీటు కవర్లు మారుస్తారు, పొగ పరీక్ష కాగితం తెస్తారు. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర వినిపించే ‘టక్కు’ చప్పుడును మాత్రం ఎవరూ పట్టించుకోరు.

పట్టించుకోవాల్సింది దాన్నే. మారుతి 800లో ఇంజను, గేర్‌బాక్సు రెండూ ముందే ఉంటాయి. చక్రాలను తిప్పేదీ ముందే, స్టీరింగుకు లొంగేదీ ముందే, బ్రేకు వేస్తే బరువంతా వచ్చి పడేదీ ముందే. ఇంత పనినీ మోస్తున్నవి అరచేతిలో పట్టే కొన్ని రబ్బరు బుష్‌లు, రెండు బాల్ జాయింట్లు, రెండు స్ట్రట్లు. ఇంజను ఆగిపోతే కారు రోడ్డు పక్కన నిలబడుతుంది. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, ఆ తర్వాత స్టీరింగు చేతిలో ఉన్నా లేనట్టే.

ఈ స్ట్రట్ అమరికకు మూలపురుషుడు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు. స్ప్రింగునూ షాక్ అబ్జార్బర్‌నూ ఒకే నిలువు కంబంగా చేసి, పై ఆర్మ్ అవసరమే లేకుండా చేశాడు. 1950లో ఇంగ్లండులో ఫోర్డ్ కాన్సుల్ కారు దీనితో బయటికొచ్చింది. చౌక, తేలిక, భాగాలు తక్కువ. చిన్న కార్లలో చాలావరకు క్రమంగా ఆ దారి పట్టాయి. భాగాలు తక్కువ కాబట్టే ఒక్కొక్క దాని మీద పని ఎక్కువ. 800లో ముందు అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బార్ మలుపుల్లో కారు ఒరగకుండా చూడటంతో సరిపెట్టుకోదు. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేదీ అదే. దాని చివర బుష్ అరిగితే బ్రేకు వేసినప్పుడల్లా చక్రం వెనక్కి జరుగుతుంది, కారు ఒక పక్కకు లాగుతుంది. చాలామంది దాన్ని బ్రేకు లోపమనుకుని ప్యాడ్లు మార్పిస్తారు, డబ్బు పోతుంది, లాగడం మాత్రం పోదు.

ఈ ముందు భాగాన్ని ఓపిక ఉన్న యజమాని ఇంట్లోనే విప్పి కొత్తగా కట్టుకోవచ్చు, కట్టుకోవాలి కూడా. మెకానిక్ షెడ్డు మీద అపనమ్మకంతో అంటున్న మాట కాదిది. షెడ్డులో లేనిది సమయం. పది బండ్లు వరసలో ఉన్నప్పుడు చప్పుడు చేస్తున్న ఒక్క ముక్కను మార్చి పంపేయడం సహజం. ఎడమ పక్క బాల్ జాయింటు పోయిందంటే కుడి పక్కదీ అన్నే కిలోమీటర్లు తిరిగింది. రెండు పక్కలా ఒకేసారి, బుష్‌లన్నీ ఒకేసారి మారిస్తేనే కారు నడక తిరిగొస్తుంది. రెండు ఆదివారాలు కేటాయించగలిగేది యజమానే.

పని తీరు దగ్గర నుంచి చూస్తే భయం తగ్గుతుంది, జాగ్రత్త పెరుగుతుంది. ముందురోజు సాయంత్రమే బోల్టులకు తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాలి. పొద్దున చదునైన గచ్చు మీద కారు నిలిపి, వెనక చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టి, చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి. తర్వాతే జాకీ. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. బరువు స్టాండ్ల మీద ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పేర్చి కిందికి దూరే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. సిమెంటు దిమ్మ ముందుగా హెచ్చరించదు, ఒక్కసారిగా పిగిలిపోతుంది. 800 చిన్న కారే, కానీ దాని బరువు సుమారు 650 కిలోలు.

చక్రం తీశాక బాల్ జాయింటు మీది రబ్బరు తొడుగు కనిపిస్తుంది. పాత కారులో అది ఒక పక్క చిరిగి ఉంటుంది. లోపల ఒకప్పుడు తేనెరంగులో ఉన్న గ్రీజు ఇప్పుడు ఎర్రమట్టితో కలిసి ముద్దలా మారి ఉంటుంది. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య నలిపితే ఇసుక గరగరలాడుతుంది. ఆ ఇసుకే ఇన్నాళ్లూ ఉక్కు గుండును సానబట్టినట్టు అరగదీసింది. చిరిగిన రోజునే చూసి ఉంటే చిన్న ఖర్చుతో పోయేది.

అన్నింటికన్నా తరచుగా జరిగే తప్పు బిగింపులో ఉంది. రబ్బరు బుష్ బేరింగులా తిరగదు. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని, చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు మెలి తిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా దాని బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు ఎప్పటికీ మెలిపడి ఉండిపోతుంది. కొత్త బుష్ కొద్ది కాలానికే చీలిపోతుంది, నింద సరుకు మీద పడుతుంది. బోల్టును ముందు చేత్తో పట్టించి, కారు బరువు చక్రాల మీదికొచ్చాక టార్క్ రెంచితో చివరి బిగింపు ఇవ్వాలి. తొందరలో ఉన్న పానాకు ఈ ఒక్క అడుగు గుర్తుండదు. బ్రేకు కాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టడం, స్ట్రట్ బోల్టులు ఏ స్థానంలో ఉన్నాయో విప్పకముందే గీత గీసుకోవడం కూడా ఇలాంటివే.

ఇంటి పనికి హద్దు కూడా ఉంది. స్ట్రట్ పైన నడిమధ్య నట్టును, స్ప్రింగును కంప్రెసరుతో అణచకుండా విప్పకూడదు. అణిగి ఉన్న స్ప్రింగు ఒక్కసారి విడుదలైతే మనిషి ప్రాణం తీయగలదు. సరైన కంప్రెసరు లేనివారు స్ట్రట్‌ను అలాగే బయటికి తీసి షాపుకు పట్టుకెళ్లాలి, అందులో చిన్నతనమేమీ లేదు. బుష్‌లు ఎక్కించడానికి సుత్తి వద్దు, లేత్ షాపులో ప్రెస్ ఉంటుంది. వీల్ అలైన్‌మెంటు ఎలాగూ యంత్రం మీదే చేయించాలి. సామాను కొనడానికి విజయవాడ ఆటోనగర్‌కో సికింద్రాబాద్ రాణిగంజ్‌కో వెళితే పాత ముక్కను చేత్తో పట్టుకెళ్లడం మంచిది. అట్టపెట్టె మీది పేరును కాకుండా పక్కపక్కన పెట్టి కొలతను నమ్మాలి.

అంబాసిడర్ ఉన్నవారి లెక్క వేరు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ కారుకు ముందు కాయిల్ స్ప్రింగు ఉండదు. కారు పొడవు దిశలో సాగే ఉక్కు కడ్డీ మెలి తిరిగి స్ప్రింగు పని చేస్తుంది. దాన్ని సడలించే పద్ధతి తెలిసినవారు పక్కన లేకుండా ముట్టుకోకూడదు. గ్రీజు నిపుల్స్‌కు వేళకు గ్రీజు పట్టించడం మాత్రం ఎవరైనా చేయగలరు. ఆ పని చేసినవారి అంబాసిడర్లే ఇంకా నిటారుగా తిరుగుతున్నాయి.

ఇక నిబంధనల మాట. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడి గాలి సంగతి వేరే కావచ్చు, కొలిచింది మాత్రం పళ్లనే. 2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానం వయసుతో పాటు ఫిట్‌నెస్‌ను లెక్కలోకి తీసుకుంది. అది సరైన దారి. అయితే ఫిట్‌నెస్ పరీక్ష అంటే లైట్లు, హారను, పొగ దగ్గర ఆగకూడదు. చక్రం లేపి, ఆర్మ్ కింద కడ్డీ పెట్టి కదిపి చూడనిదే అది పరీక్ష కాదు. అలా చూస్తే ముప్పై ఏళ్ల కారు నెగ్గవచ్చు, గుంతల్లో బాదించుకున్న ఎనిమిదేళ్ల ట్యాక్సీ తప్పవచ్చు.

రిపేరు హక్కు మీద కేంద్రం 2022లో కమిటీ వేసింది, అందులో వాహన రంగాన్నీ చేర్చింది. ఆ హక్కు కాగితం దాటి రావాలంటే తయారీ ఆగిన కార్ల సర్వీసు పుస్తకాలు, బిగింపు కొలతలు అందరికీ దొరకాలి, వీలైతే తెలుగులో దొరకాలి. ఆదివారాల్లో ఖాళీగా ఉండే మన ఐటీఐ వర్క్‌షాపుల్లో పాత కార్ల యజమానులకు ఒక పూట శిక్షణ ఇచ్చినా చాలు.

పాత కారు ఉన్నవారు అంతవరకూ ఆగనక్కర్లేదు. వచ్చే ఆదివారం ముందు చక్రం లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. కదిలితే బాల్ జాయింటో వీల్ బేరింగో అరిగినట్టు. 9, 3 దగ్గర పట్టుకున్నప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్‌ను అనుమానించండి. రెండో పక్క కూడా చూడండి. కదలిక తేలితే, సరిచేసేదాకా ఆ కారులో ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లకండి.