జీపుకి కావాల్సింది పైకప్పు, మూట కాదు

ఇది కొంచెం పొడుగు పోస్టు. మీటింగులో మూడు నిమిషాలకే గంట కొట్టేస్తారు కాబట్టి ఇక్కడ రాస్తా ఉండాము. "మేము" అంటే ఎవరు అని అడిగేవాళ్ళకి జవాబు: సాయంత్రం పూట సంఘం అరుగు మీద కూర్చునే రిటైరైనవాళ్ళం. రాసే చెయ్యి ఒకటే, మాట నలుగురిది.

విషయం మన జీపు. వచ్చే ఆదివారం జనరల్ బాడీ ముందుకి రెండు తీర్మానాలు వస్తా ఉన్నాయి. హాలు ముందర సిమెంటు ఆర్చి కట్టేది ఒకటి. జీపుని గుజరీకి వేసేసి, అవసరం పడినప్పుడు వ్యాను బాడుగకి పిలిచేది రెండోది. కారణం కింద "తుప్పు పట్టింది" అని రెండే మాటలు రాసినారు. ఎవరు పట్టించినారు అనేది రాయలేదు. మూడేళ్ళుగా ఆ బండిని నీలం ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, నైలాన్ తాడు బిగించి, హాలు వెనక మట్టి నేల మీద పెట్టింది కమిటీయే. మొదటి వానాకాలంలోనే వద్దన్నాము. "పెద్దాయనలకి పని లేదు" అన్నారు. నిజమే, పని లేదు. అందుకే రోజూ దాన్ని చూస్తా ఉండాము.

కొత్తగా చేరిన పిల్లలకి ఆ జీపు ఎందుకో తెలియకపోవచ్చు. పండుగకి ఉత్సవ మూర్తిని ఊరేగించే బండిగా మాత్రమే చూసి ఉంటారు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. గనిలో రాతి ధూళి పీల్చిన మనుషులు మాత్రం ఊర్లోనే ఉండిపోయినారు. సిలికోసిస్ పట్టిన మనిషికి రాత్రిపూట ఊపిరి ఆడకపోతే పడుకోలేడు, నిటారుగా కూర్చోవాల, ముఖానికి గాలి తగలాల. ఛాంపియన్ రీఫ్స్ పక్క, మారికుప్పం పక్క పాత లైన్లలో సందులు ఎట్ల ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. వ్యాను సందు మొగలోనే ఆగిపోతుంది. జీపు వాకిలి దాకా పోతుంది. రాత్రి రెండు గంటలకి బాడుగ వ్యానువాడు ఫోను ఎత్తుతాడా అనేది తీర్మానం రాసినవాళ్ళే ఒకసారి చేసి చూడొచ్చు.

ఇంక తుప్పు సంగతి. పైన మూత లేని బండి వానకి పాడైపోతుంది అని అందరూ అనుకుంటారు. సగం తప్పు. లోపలికి వచ్చిన నీళ్ళు బయటికి పోలేకపోతే పాడవుతుంది. 1940లలో యుద్ధం కోసం విల్లీస్ కంపెనీ చేసిన జీపు నుంచే మన బండి వంశం దిగింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో బిగించి అమ్మింది కూడా విల్లీస్ జీపులే. ఆ మిలిటరీ జీపు నేలలోనే నీళ్ళు పోయేదానికి రంధ్రాలు పెట్టినారు. వాన పడుతుంది, లోపలికి వస్తుంది, పోనివ్వాల అని దాన్ని చేసినవాళ్ళకి తెలుసు. మన బండికీ ఉన్నాయి, కాళ్ళు పెట్టే చోట, రబ్బరు మ్యాటు కింద. రబ్బరు బిరడాలు పెట్టి మూసి ఉన్నాయి. వాటి మీద మట్టి, మట్టి మీద మ్యాటు. కోలారు జిల్లాలో పుట్టిన మనకి ఇది వేరే చెప్పాలా? చెరువుకి తూమూ మూసి కోడీ మూసేస్తే ఏమవుతుంది?

నీలం పట్టా చేసే పని చూడండి. పగలు ఎండకి కింద మట్టిలో ఉన్న తేమ ఆవిరై పైకి లేస్తుంది. పట్టా దాన్ని పోనివ్వదు. రాత్రి చలికి ఆ ఆవిరే పట్టా లోపలి పక్క చుక్కలు కట్టి బండి మీద పడుతుంది. అంటే వాన పడని రోజు కూడా మన జీపు తడుస్తానే ఉంది. సీటు లోపలి స్పాంజి ఆ నీళ్ళు తాగి నెలల తరబడి వదలదు. ఆ సీటు కింద రేకు చెయ్యి పెడితే రాలిపోతుంది. నమ్మనివాళ్ళు ఆదివారం రండి, స్పానరు మేమే తెస్తాము.

మన ఊరికి ఇంకొక తెగులు ఉంది, వేరే ఊర్లకి లేనిది. సైనైడ్ దిబ్బలు. ఆ తెల్లటి పొడి ఏమిటి? బంగారం కోసం మిల్లులో మెత్తగా రుబ్బిన పలుగురాయి. గాలి లేస్తే రాబర్ట్‌సన్‌పేట నుంచి ఉరిగాం దాకా ఇంటింటికీ వస్తుంది. అది పట్టా కిందికి దూరుతుంది. గాలికి పట్టా కొట్టుకుంటుంది. ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టు పెయింటు పోతుంది, పెయింటు పోయిన చోట తుప్పు మొదలవుతుంది. మన బండి బానెట్టు అంచులు, మడ్‌గార్డుల మూలలు మాత్రమే ఎర్రబడి ఉండటం గమనించినారా? పట్టా రాసుకునే చోట్లు అవే. ఆడి నెల గాలికి అమ్మి కూడా ఎగురుతుందని తమిళంలో సామెత. అమ్మి ఎగురుతుందో లేదో గానీ, పట్టా మీద పెట్టిన ఇటుకలు కింద పడి హెడ్‌లైటు పగలడం అందరూ చూసినారు.

తార్పాయి అనే మాట చెప్తే పిల్లలు నవ్వుతారు. తమిళ బడిలో చదువుకున్న మాకు ఆ మాటే నోటికి వస్తుంది. ఇంగ్లీషువాడి టార్పాలిన్‌ని తమిళ చెవి తారు చాప చేసింది. పేరు కుదిరింది కూడా. రైల్వే గూడ్స్ షెడ్డులో ఇరవై ఏళ్ళు దాన్నే లెక్క పెట్టినాము. ఓపెన్ వ్యాగన్ మీద టార్పాలిన్ వేసేటప్పుడు మధ్యలో ఎత్తు రావాల, రెండు పక్కలకీ వాలు రావాల. గుంట పడిందంటే అక్కడ నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన నీళ్ళు ఎంత మంచి గుడ్డనైనా దాటుకుని దిగుతాయి. తరవాత పార్టీ "డ్యామేజ్ బై వెట్" అని క్లెయిము వేస్తాడు, క్లర్కు మెమోకి జవాబు రాసుకుంటా కూర్చుంటాడు. మూత వ్యాగన్ అయినా లోపలికి పోయి తలుపులు మూయించి, ఎక్కడన్నా వెలుతురు కనబడుతుందా అని చూసి, ఆ తరవాతే సిమెంటు ఎక్కించేవాళ్ళం. వెలుతురు దూరే చోట నీళ్ళూ దూరుతాయి. ఇది ఇంజనీరింగు కాదప్పా, గుమాస్తా జ్ఞానం.

మాకు వచ్చిన ఎదురు మాటలకి జవాబు చెప్పి ముందుకి పోతాము.

"మిలిటరీ వాళ్ళు బయటే పెడతారు కదా." పెడతారు. వాళ్ళకి మెకానిక్కులు ఉన్నారు, కాన్వాసు టాపు ఉంది, బండి రోజూ కదులుతుంది. మన జీపు నెలకి నాలుగుసార్లు కదులుతుంది. కదిలే బండిలో నీళ్ళు జారిపోతాయి, బ్రేకు డ్రమ్ములు ఆరిపోతాయి. నిలిచిన బండికే రక్షణ ఎక్కువ కావాల.

"కోలారులో వానెక్కడ? కరువు జిల్లాకి షెడ్డు ఎందుకు?" ఈ మాట అన్న పెద్దమనిషి మంచి రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు, అందుకే ఆశ్చర్యం. మనకి ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. తక్కువే. కానీ అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కుమ్మరిస్తుంది. 2021 నవంబరు మరిచిపోయినారా? ఏళ్ళ తరబడి ఎండిన చెరువులు ఆ నెల కోడి పోతా ఉంటే పిల్లల్ని ఎత్తుకుని చూడటానికి పోయినారు కదా జనం. తుప్పుకి సగటు తెలియదు.

"ఆన్‌లైన్‌లో వాటర్‌ప్రూఫ్ కవరు తెప్పిద్దాం." ఇది నీలం పట్టాకి చెల్లెలు. నేలదాకా కప్పే కవరు ఏదైనా కింద తేమని పట్టి ఉంచుతుంది. పైగా, దాన్ని వేసేది ఎవరు, తీసేది ఎవరు? మన ఊరి వయసు పిల్లలు తెల్లవారకముందే మారికుప్పం బండి ఎక్కి బెంగళూరు పోతారు, రాత్రికి తిరిగి వస్తారు. వాన సాయంత్రం నాలుగుకో ఐదుకో ఉరిమి వస్తుంది. ఆ టైములో హాలు దగ్గర ఉండేది మేము. మోకాళ్ళు లేని నలుగురు ముసలివాళ్ళు తడి కవరు లాగి జీపు ఎక్కి కట్టాలా? మనుషుల చేతులతో పని లేకుండా పగలూ రాత్రీ నిలబడి ఉండేది పైకప్పు ఒకటే.

"కానుగ చెట్టు కిందికి తోసేద్దాం." వాన నిలిచినాక కూడా గంటసేపు చెట్టు వాన కురుస్తానే ఉంటుంది. ఆకులు రాలి మూలల్లో కుళ్ళుతాయి. పక్షుల సంగతి వేరే చెప్పాలా.

కాబట్టి మేము అడిగేది నాలుగు ఇనుప స్తంభాలు, పైన జింకు రేకులు. తగరం రేకు సంగతి కె.జి.ఎఫ్. వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, మన తాతలు లైన్లలో తట్టి గోడలు, తగరం కప్పు కింద బతికినవాళ్ళే. పొడుగు 18 అడుగులు, వెడల్పు 12 అడుగులు. ఒక పక్కకి అడుగున్నర వాలు, బండి చుట్టూ రెండేసి అడుగుల చూరు. గోడలు వద్దు. గాలి ఆడాల. ఐప్పసి వాన తూర్పు పక్క నుంచి ఏటవాలుగా కొడుతుంది కాబట్టి ఆ ఒక్క పక్క కాన్వాసు తెర వేలాడితే చాలు. నూలు కాన్వాసే కావాల, ప్లాస్టిక్ కాదు. తడిస్తే దాని పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఎండితే మళ్ళీ గాలి పోనిస్తాయి. కింద సిమెంటు నేల, బయటి మట్టి కంటే ఆరంగుళాలు ఎత్తు, వెనక్కి కొంచెం వాలు. దీనంతటికీ ఆర్చికి అనుకున్న డబ్బులో నాలుగో వంతు పట్టదు. రాబర్ట్‌సన్‌పేటలో ఇద్దరు వెల్డింగువాళ్ళ దగ్గర రేటు అడిగినాము, చీటీలు సెక్రెటరీ గారికి ఇచ్చేసినాము. మీటింగులో ఆ చీటీలు చదివి వినిపించమని అడగండి.

ఆర్చి మీద మాకు కోపం లేదు. పేర్లు చెక్కించుకోవాలని ఉన్నవాళ్ళు షెడ్డు స్తంభం మీద చెక్కించుకోవచ్చు, స్తంభాలు నాలుగున్నాయి.

గుజరీ తీర్మానం గురించి ఇంకొక మాట. పదిహేనేళ్ళు దాటిన కారు ఆర్.సి. రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కి పోయింది, అదొక కారణంగా చెప్తా ఉన్నారు. ఫీజు కడితే ఐదేళ్ళకి వస్తుంది. బాడుగ వ్యాను ఐదేళ్ళకి ఎంత తింటుందో ట్రెజరర్ గారు ఒక కాగితం మీద వేసి చూపిస్తే మేము నోరు మూసుకుంటాము. ఇంజను బాగుంది, చాసిస్ బాగుంది. నేల రేకు, రెండు సీట్ల కింద రేకు మార్చాల. బండి చచ్చిపోలేదు, దాన్ని ఊపిరాడకుండా కట్టేసినారు.

షెడ్డు లేచేదాకా చేయాల్సింది ఈ వారమే చేయాల. పట్టా తీసేయండి. టాపు బిగించి ఉంచండి, తడిసిన టాపుని మడత పెట్టొద్దు, బూజు పడుతుంది. టాపు కుట్ల మీద మైనం వత్తి రుద్దితే చుక్కలు ఆగుతాయి. బిరడాలు ఊడదీసి, పుల్లతో రంధ్రాలు పొడిచి తెరిచి ఉంచండి. వెనక తలుపు దించి, ముందు చక్రాల కింద పలకలు పెడితే నీళ్ళు వెనక్కి జారిపోతాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.

ఇందులో ఒక పని నిన్న చేసేసినాము. రబ్బరు మ్యాట్లు రెండూ తీసి అరుగు పక్కన ఎండకి వేసినాము. ఎవరూ మళ్ళీ బండిలో పరవొద్దు. బిరడాలకి మట్టి గట్టిపడి ఉంది, సన్నటి స్క్రూడ్రైవరు ఉన్నవాళ్ళు ఆదివారం మీటింగుకి ఒక గంట ముందర రండి.