మెరుపు తక్కువ బండకే మేలైన బేరం

రోలుగుంట: పాత ఇళ్లను ఖరీదుగా బాగు చేయించేవారికి అద్దంలా మెరిసే బండనే ముందుగా చూపే అలవాటును వర్తకులు మానుకోవలసి ఉన్నది. వానాకాలమంతా వాకిళ్లు తడిసివుండే ఈ ప్రాంతంలో గరుకు బండపై కాలు నిలుస్తుంది. నున్నని బండపై జారుతుంది. మెరుపు తక్కువైతే గీతలు, నీటి మరకలు కూడా అంతగా కనబడవు.

ఇట్టి సరుకుకు కొదవ లేదు. బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు సున్నపురాయి జాతివి. నాపరాయి పెళుసు గనుక గ్రానైటు వలె అద్దపు పాలిషును తట్టుకోదు. అందుచేతనే కొద్దిపాటి పాలిషు పట్టిన నాపరాయికి సైతం జి.ఎస్.టి. 5 శాతమేనని 2022 ఆగస్టు 3 నాటి కేంద్ర సర్క్యులర్ తేల్చింది. పాలిషు గ్రానైటు పలకపై పన్ను 18 శాతం. కట్టిన పన్ను ఇంటి యజమానికి తిరిగి రాదు గనుక, నూటికి 13 రూపాయల తేడా బేరాన్ని మార్చగలదు. బిల్లులో సరుకు పేరు, పాలిషు రకం స్పష్టంగా రాయించుకొనుట అవసరం.

అయితే లోపం దాచి అమ్మరాదు. నిమ్మరసం, చింతపండు పులుసు, యాసిడ్ తగిలితే నాపరాయిపై మచ్చ పడుతుంది. కనుక హాలుకు, వసారాకు నాపరాయిని, వంటగదికి లెదర్ ఫినిష్ గ్రానైటును సూచించుట ఉచితం. నమూనా బండను తడిపి, దానిపై కాలు మోపించి చూపే వర్తకుని వద్దకే ఖాతాదారు మళ్లీ వస్తాడు.